హిమోగ్లోబిన్ నార్మల్, నీరసం మాత్రం తగ్గడం లేదు: ఫెరిటిన్ రిపోర్టును ఎలా చదవాలి

మీరు రాసిన వివరాలు క్లుప్తంగా ఇవి. వయసు 36, ఇద్దరు పిల్లలు. ఏడాదిగా నీరసం, రెండంతస్తుల మెట్లు ఎక్కితే ఆయాసం, దువ్విన ప్రతిసారీ ఊడి వచ్చే జుట్టు, రాత్రి మంచం మీద వాలగానే కాళ్లు కదిలించకుండా ఉండలేని అవస్థ. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 12.3, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో తెలిపే అంకె) 13. ఫెరిటిన్ 10 నుంచి 290 వరకు నార్మల్ అని ల్యాబ్ కాగితం మీద అచ్చు వేసి ఉంది కాబట్టి, ఐరన్ సమస్య ఏమీ లేదనీ, ఒత్తిడి తగ్గించుకొమ్మనీ చెప్పారు. థైరాయిడ్ పరీక్ష కూడా నార్మల్‌గానే వచ్చింది. ఐరన్ మాత్రలు వేసుకోవాలా, ఊరుకోవాలా అన్నది మీ ప్రశ్న.

నేను పాథాలజిస్టును, ఇలాంటి రిపోర్టులు చదివి సంతకం పెట్టడమే ఎన్నో ఏళ్లుగా నా పని. మీ జవాబు ముందే చెబుతాను: మీ ఒంట్లో ఐరన్ నిల్వలు దాదాపు అడుగంటాయి. పెద్దవారిలో ఫెరిటిన్ లీటరుకు 15 మైక్రోగ్రాముల కంటే తక్కువ ఉంటే ఐరన్ లోపంగానే లెక్కించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. (మీ కాగితంలో మిల్లీలీటరుకు నానోగ్రాములని ఉండవచ్చు. ప్రమాణం పేరు మారినా అంకె మారదు.) అంటే మీ 13 ల్యాబ్ కాగితం లెక్కలో నార్మల్, ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో లోపం.

ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే మీకు మరే రిపోర్టు విషయంలోనైనా ఉపయోగపడుతుంది. ల్యాబులో ఒక పరీక్షకు నార్మల్ హద్దులు నిర్ణయించేటప్పుడు, పైకి ఆరోగ్యంగా కనిపించే కొంతమంది రక్తం పరీక్షించి, వచ్చిన అంకెల్లో మధ్యనున్న 95 శాతాన్ని హద్దులుగా తీసుకుంటారు. చాలా ల్యాబులు యంత్రం, కిట్ తయారుచేసిన కంపెనీ ఇచ్చిన హద్దులనే వాడుకుంటాయి. ఆ పరీక్షించిన స్త్రీలలోనే ఐరన్ నిల్వలు లేనివారు చాలామంది ఉంటే కింది హద్దు దానంతట అదే పడిపోతుంది. నెలసరి వయసు స్త్రీలలో జరిగేది సరిగ్గా ఇదే. ఆ హద్దు "చాలామంది ఇలాగే ఉన్నారు" అని చెబుతుందే తప్ప "ఇంత ఉంటే ఒంటికి సరిపోతుంది" అని చెప్పదు. మన రాష్ట్రాల సంగతే చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఇది హిమోగ్లోబిన్ మాత్రమే చూసి తేల్చిన లెక్క. హిమోగ్లోబిన్ నిలబడి, నిల్వలు మాత్రం ఖాళీ అయిన మీలాంటివారు ఈ లెక్కలోకి రానే రారు.

ఒంట్లో ఐరన్ తగ్గడానికి ఒక వరుస ఉంది. పెద్ద మనిషి శరీరంలో మొత్తం ఐరన్ సుమారు 3 నుంచి 4 గ్రాములు, స్త్రీలలో కొంత తక్కువ. అందులో మూడింట రెండు వంతులు ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్‌లోనే ఉంటుంది. ఎర్ర కణం ఆయుష్షు దాదాపు 120 రోజులు. చనిపోయిన కణాల నుంచి శరీరం రోజుకు 20 నుంచి 25 మిల్లీగ్రాముల ఐరన్ తిరిగి రాబట్టుకుంటుంది. ఆహారం నుంచి కొత్తగా లోపలికి చేరేది రోజుకు 1 నుంచి 2 మిల్లీగ్రాములే. రాబడి కంటే ఖర్చు పెరిగినప్పుడు ముందు కరిగేది కాలేయంలోనూ ఎముక మజ్జలోనూ దాచుకున్న నిల్వ. గాదెలో ధాన్యం అడుగుకు చేరినా వంటింట్లో కొన్నాళ్ల పాటు పూటపూటకూ అన్నం ఉడుకుతూనే ఉన్నట్టు, నిల్వ కరుగుతున్నంత కాలం హిమోగ్లోబిన్ నిలకడగానే కనిపిస్తుంది. నిల్వ పూర్తిగా అయిపోయాక కణాల తయారీ కుంటుపడుతుంది, ఆ తరువాతే హిమోగ్లోబిన్ పడిపోతుంది. కాబట్టి హిమోగ్లోబిన్ బాగుందన్న ఒక్క కారణంతో ఐరన్ లోపం లేదని చెప్పడం సరికాదు. అది ఈ వరుసలో చివరగా తగ్గే అంకె.

మీ లెక్క వేసి చూద్దాం. ఫెరిటిన్‌లో ఒక్కో అంకె సుమారు 8 నుంచి 10 మిల్లీగ్రాముల నిల్వకు సమానం అనుకుంటే, మీ దగ్గరున్నది 100 నుంచి 130 మిల్లీగ్రాములు. ఒక్క గర్భానికి మొత్తం మీద దాదాపు 1,000 మిల్లీగ్రాముల ఐరన్ కావాలి. మీకు రెండు కాన్పులయ్యాయి. నెలసరిలో 80 మిల్లీలీటర్ల రక్తం పోతే 30 మిల్లీగ్రాములకు పైగా ఐరన్ పోయినట్టే. రోజుకు ఒక మిల్లీగ్రాము చొప్పున చేర్చుకునే శరీరం ఇంత లోటును తిండితోనే పూడ్చుకోవడం ఎంత కష్టమో ఈ అంకెలే చెబుతున్నాయి.

హిమోగ్లోబిన్ తగ్గకుండానే నీరసం ఎందుకొస్తుందని మీరు అడిగారు. ఐరన్ రక్తానికి మాత్రమే సంబంధించిన లోహం కాదు. కండరాల్లో ఆక్సిజన్‌ను పట్టి ఉంచే మయోగ్లోబిన్‌కూ, కణాల్లో శక్తిని తయారుచేసే ఎంజైములకూ, మెదడులో డోపమైన్ అనే రసాయనం తయారీకీ ఐరన్ కావాలి. రాత్రిపూట కాళ్ల అవస్థకు రెస్ట్‌లెస్ లెగ్స్ అని పేరు. ఆ లక్షణం ఉన్నవారికి ఫెరిటిన్ 75 దాకా ఉన్నా ఐరన్ ఇచ్చి చూడాలని ఆ రంగం నిపుణుల సూచన, మీది 13. మరొకటి గమనించండి: బలపాలు, పచ్చి బియ్యం, మట్టి, ఐసుముక్కలు తినాలనిపించడం కూడా ఐరన్ లోపానికి గుర్తే. చాలామంది సిగ్గుపడి డాక్టరుకు ఈ సంగతి చెప్పరు. మీకు అలాంటిదేమైనా ఉంటే తప్పకుండా చెప్పండి, అది రోగనిర్ధారణకు ఎంతో సాయం చేస్తుంది.

ఇక ఫెరిటిన్ ఎంత ఉండాలన్న ప్రశ్న. 15 కంటే తక్కువైతే సందేహం లేదు. 15 నుంచి 30 మధ్య ఉండి లక్షణాలు కూడా ఉంటే, ఎక్కువమంది రక్తవ్యాధుల నిపుణులు దాన్ని లోపంగానే చూస్తారు, నా అభిప్రాయమూ అదే. 30 దాటాక జాగ్రత్తగా ఆలోచించాలి, ఎందుకంటే ఫెరిటిన్‌కు ఒక తిరకాసు ఉంది. ఒంట్లో జ్వరం, ఇన్ఫెక్షన్, కీళ్లవాతం, కాలేయంలో కొవ్వు వంటివి ఉన్నప్పుడు ఐరన్ లేకపోయినా ఫెరిటిన్ పెరిగి కనిపిస్తుంది. అందుకే ఇన్ఫెక్షన్ గానీ వాపు గానీ ఉన్న పెద్దవారిలో 70 కంటే తక్కువను లోపంగా పరిగణించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఫెరిటిన్‌తో పాటు సీఆర్‌పీ (ఒంట్లో వాపు ఉందో లేదో తెలిపే రక్తపరీక్ష) కూడా చేయించమనేది ఇందుకే. జ్వరం తగ్గిన వారంలోనే ఇచ్చిన రక్తంలో ఫెరిటిన్ 60 వచ్చిందని నిశ్చింతగా ఉండడానికి లేదు. తక్కువ ఫెరిటిన్ మాత్రం అబద్ధం చెప్పదు: 13 అంటే ఐరన్ లేదనే అర్థం, దానికి మరో వివరణ వెతకనక్కరలేదు.

ఫెరిటిన్‌కు బదులు సీరం ఐరన్ (ఆ సమయానికి రక్తంలో తిరుగుతున్న ఐరన్) ఒక్కటే చేయించుకుని నార్మల్ అని తృప్తిపడేవారు చాలామంది. ఆ అంకె ఉదయానికీ సాయంత్రానికీ మారుతుంది, తిన్నదాన్ని బట్టి మారుతుంది, ముందురోజు ఐరన్ మాత్ర వేసుకుంటే ఒక్కసారిగా పెరుగుతుంది. దాన్ని విడిగా చూడకూడదు. సీరం ఐరన్‌ను టీఐబీసీతో (రక్తం మొత్తం ఎంత ఐరన్ మోయగలదో చెప్పే అంకెతో) భాగించి నూరుతో గుణిస్తే వచ్చే ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ 20 శాతం కంటే తక్కువైతే అనుమానించాలి, 16 శాతం కంటే తక్కువైతే గట్టిగా అనుమానించాలి.

మీ సీబీపీ (రక్తకణాల పూర్తి పరీక్ష) కాగితాన్ని మరోసారి తీసి చూడండి. హిమోగ్లోబిన్ కింద ఎంసీవీ, ఎంసీహెచ్, ఆర్‌డీడబ్ల్యూ అని మరికొన్ని వరుసలు ఉంటాయి, వాటిని ఎవరూ చదవరు. ఎంసీవీ అంటే ఎర్ర కణం సగటు పరిమాణం, ఎంసీహెచ్ అంటే ఒక్కో కణంలోని హిమోగ్లోబిన్, ఆర్‌డీడబ్ల్యూ అంటే కణాల పరిమాణాల్లోని తేడా. ఐరన్ తగ్గుతున్న తొలి రోజుల్లో పాత కణాలు మామూలుగా, కొత్త కణాలు చిన్నగా ఉంటాయి కాబట్టి ఆర్‌డీడబ్ల్యూ తరచుగా ముందు పెరుగుతుంది. హిమోగ్లోబిన్ 12.2, ఎంసీవీ 81, ఎంసీహెచ్ 26.4, ఆర్‌డీడబ్ల్యూ 15.8 ఉన్న రిపోర్టును నేను నార్మల్ అని పక్కన పెట్టను. ఒక్కో అంకె విడిగా హద్దు అంచునే ఉన్నా, నాలుగూ కలిసి ఒకే వైపు చూపిస్తున్నాయి. ఏడాది, రెండేళ్ల కిందటి పాత రిపోర్టులుంటే పక్కన పెట్టి పోల్చండి. అప్పుడు 13.8 ఉన్న హిమోగ్లోబిన్ ఇప్పుడు 12.3 అయితే, రెండూ నార్మల్ హద్దుల్లోనే ఉన్నప్పటికీ మీ వరకు అది తగ్గుదలే.

ఇక్కడ మన శాకాహార కుటుంబాల్లో తరచుగా ఎదురయ్యే చిక్కు ఒకటి చెప్పాలి. ఐరన్ తక్కువైతే కణాలు చిన్నవవుతాయి, బీ12 తక్కువైతే పెద్దవవుతాయి. రెండూ ఒకేసారి తక్కువైతే యంత్రం సగటు తీసి ఎంసీవీ 88 అని చక్కటి నార్మల్ అంకె ఇస్తుంది. అదే రక్తాన్ని గాజు పలక మీద పరిచి సూక్ష్మదర్శిని కింద చూస్తే, మధ్యలో తెల్లబోయిన చిన్న కణాల పక్కనే గుడ్డు ఆకారపు పెద్ద కణాలు కనిపిస్తాయి. సగటు అంకెలో కనిపించని జబ్బు అక్కడ కంటికి కనిపిస్తుంది. కాబట్టి బీ12 కూడా చేయించండి. దీనికి భిన్నంగా, ఎంసీవీ 70 దగ్గర ఉండి, ఫెరిటిన్ మాత్రం బాగుండి, ఎర్ర కణాల సంఖ్య ఎక్కువగా ఉంటే అది తలసేమియా మైనర్ (పుట్టుకతో వచ్చే, హిమోగ్లోబిన్ తయారీలోని స్వల్ప లోపం) కావచ్చు. హెచ్‌బీఏ2 అనే హిమోగ్లోబిన్ రకం ఎంతుందో తెలిపే హిమోగ్లోబిన్ ఎలక్ట్రోఫోరెసిస్ లేదా హెచ్‌పీఎల్‌సీ పరీక్షతో తేలుతుంది. అలాంటివారు ఫెరిటిన్ తక్కువ లేకుండా ఏళ్ల తరబడి ఐరన్ మింగడం వల్ల ప్రయోజనం లేదు, పైగా హాని. మరో చిన్న సంగతి: ఐరన్ లోపంలో హెచ్‌బీఏ1సీ (సుమారు మూడు నెలల షుగర్ సగటును తెలిపే పరీక్ష) కొద్దిగా ఎక్కువ చూపించవచ్చు. షుగర్ అంచున ఉందని మీకు ఎవరైనా చెప్పి ఉంటే, ఐరన్ సరిదిద్దుకున్నాక మళ్లీ పరీక్షించుకోండి.

రక్తహీనత లేని స్త్రీకి ఐరన్ ఇస్తే నిజంగా నీరసం తగ్గుతుందా? దీన్ని పరీక్షించి చూశారు. ఫ్రాన్స్‌లో హిమోగ్లోబిన్ 12కు తగ్గకుండా, ఫెరిటిన్ 50 కంటే తక్కువగా ఉండి, నీరసంతో బాధపడుతున్న స్త్రీలకు 12 వారాల పాటు రోజుకు 80 మిల్లీగ్రాముల ఐరన్ ఇచ్చిన అధ్యయనం 2012లో వెలువడింది. ఐరన్ తీసుకున్నవారిలో నీరసం స్కోరు దాదాపు 48 శాతం తగ్గింది. ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలోనూ దాదాపు 29 శాతం తగ్గింది. ఈ రెండో అంకెను దాచిపెట్టి మొదటిదే చెప్పడం నిజాయితీ కాదు. ఐరన్ పని చేస్తుంది, కానీ నీరసమంతా ఐరన్ వల్లనే కాకపోవచ్చు. నిద్ర, బీ12, మానసిక దిగులు, ఇంటా బయటా మోసే చాకిరీ, వీటినీ విడిచిపెట్టకూడదు. మీకు ఒత్తిడి కూడా ఉండవచ్చు. ఉన్నా సరే, 13 ఉన్న ఫెరిటిన్‌ను వదిలేయడానికి అది కారణం కాదు.

మాత్రల కంటే ముఖ్యమైన ప్రశ్న, ఐరన్ ఎక్కడికి పోతోంది అన్నది. మీ వయసులో మొదట అడగవలసింది నెలసరి గురించే. "మామూలుగానే అవుతోంది" అని అందరూ చెబుతారు, ఎందుకంటే పోల్చి చూసుకోవడానికి ఎవరికైనా తన అనుభవం ఒక్కటే ఉంటుంది. కాబట్టి ఇలా అడుగుతాను: గంట రెండు గంటలకే ప్యాడ్ నిండిపోతోందా? రాత్రి లేచి మార్చుకోవలసి వస్తోందా? రూపాయి బిళ్ల కంటే పెద్ద గడ్డలు పడుతున్నాయా? ఏడు రోజులు దాటుతోందా? ఆ రోజుల్లో బయటికి వెళ్లే పనులు మానుకుంటున్నారా? వీటిలో ఒక్కదానికి అవునన్నా గర్భాశయ స్కానింగ్ చేయించి, స్త్రీవైద్య నిపుణురాలిని కలవాలి. గర్భాశయంలో ఫైబ్రాయిడ్లు (కండర గడ్డలు), అడినోమయోసిస్ (గర్భాశయం లోపలి పొర కండరంలోకి పెరగడం), కాపర్-టీ, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. రక్తస్రావాన్ని తగ్గించే మందులున్నాయి. నాళం తెరిచి ఉంచి తొట్టి నింపే ప్రయత్నం ఎన్నాళ్లు చేసినా ఫలితం ఉండదు.

నెలసరి సవ్యంగా ఉంటే తరువాతి చూపు పొట్ట మీద. గ్యాస్ మాత్ర పేరుతో పాంటాప్రజోల్, ఒమెప్రజోల్ వంటివి ఏళ్ల తరబడి పరగడుపునే వేసుకునే ఇళ్లు మన దగ్గర ఎన్నో ఉన్నాయి. జీర్ణాశయంలో ఆమ్లం తగ్గితే ఐరన్ ఒంటికి పట్టడం తగ్గుతుంది. డాక్టరు అవసరమని చెప్పకపోతే దాన్ని కొనసాగించాలా అని అడగండి. జీర్ణాశయంలో చేరే హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా, గోధుమలోని గ్లూటెన్ పడని సీలియాక్ వ్యాధి, కొంకిపురుగులు, మొలలు, నొప్పి మాత్రల వల్ల పేగుల్లో కనబడకుండా జరిగే రక్తస్రావం కూడా కారణాలే. తరచుగా రక్తదానం చేసేవారిలోనూ నిల్వలు పడిపోతాయి. మీ ఇంట్లో మగవారికి గానీ, నెలసరి ఆగిపోయిన పెద్దవారికి గానీ ఇదే ఫెరిటిన్ వస్తే, మాత్రలతో సరిపెట్టకుండా ఎండోస్కోపీ, కొలనోస్కోపీ అవసరమా అని తప్పనిసరిగా అడగండి. వారిలో పేగు క్యాన్సర్ మొదట కనిపించే రూపం కొన్నిసార్లు ఇదే.

మాత్ర ఎంచుకునేటప్పుడు పెట్టె మీది పెద్ద అంకెను కాక, అందులో అసలు ఐరన్ ఎంతో చూడాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. ధర తక్కువని దాన్ని చిన్నచూపు చూడవద్దు. రోజుకు రెండు మూడు మాత్రలు వేసుకుంటే త్వరగా నిండుతుందనుకోవడం పొరపాటు. 60 మిల్లీగ్రాములు గానీ అంతకు మించి గానీ మింగాక, కాలేయం హెప్సిడిన్ అనే హార్మోనును పెంచుతుంది. అది సుమారు ఒక రోజు పాటు పేగులో ఐరన్ ద్వారాన్ని మూసేస్తుంది. మీలాగే రక్తహీనత లేకుండా నిల్వలు తగ్గిన స్త్రీల మీద స్విట్జర్లాండ్‌లో జరిపి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, రోజూ వేసుకోవడం కంటే రోజు విడిచి రోజు వేసుకున్నప్పుడు ప్రతి మాత్ర నుంచి ఎక్కువ ఐరన్ ఒంటికి పట్టినట్టు తేలింది. మీ పరిస్థితిలో తొందర లేదు కాబట్టి, రోజు విడిచి రోజు, ఉదయం ఒక్క మాత్ర అన్న పద్ధతి గురించి మీ డాక్టరుతో మాట్లాడండి. మలబద్ధకం, వికారం కూడా తగ్గుతాయి. మలం నల్లగా రావడం మామూలే.

మాత్రను పరగడుపున నీళ్లతోనో నిమ్మరసంతోనో వేసుకుని, కనీసం గంట సేపు కాఫీ, టీ ముట్టవద్దు. లేవగానే కాఫీ కావాల్సిన అలవాటు మనది కాబట్టి ఈ ఒక్క నియమమే ఎక్కువగా తప్పుతుంది. ఉదయం కుదరకపోతే సాయంత్రం నాలుగైదు గంటలకు వేసుకోండి, మానేయడం కంటే అదే నయం. కడుపులో తిప్పితే కొద్దిగా తిని వేసుకున్నా పరవాలేదు. కాల్షియం మాత్రతో కలపవద్దు. ఇంట్లో ఎవరైనా థైరాయిడ్ మాత్ర వేసుకుంటూ ఉంటే దానికీ ఐరన్‌కూ నాలుగు గంటల ఎడం ఉండాలి. ఐరన్ మాత్రల డబ్బా పిల్లలకు అందనిచోట పెట్టండి. చిన్నపిల్లలు మిఠాయిలనుకుని గుప్పెడు మింగితే ప్రాణాపాయం.

తిండి విషయంలో చెప్పవలసినది ఒకటే: తిండి నిల్వలను కాపాడుతుంది, ఖాళీ అయిన నిల్వలను త్వరగా నింపలేదు. భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ కలిసి 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం మీ వయసు స్త్రీకి రోజుకు 29 మిల్లీగ్రాముల ఐరన్ కావాలి. 100 గ్రాముల బీట్‌రూట్‌లో ఉండేది ఒక మిల్లీగ్రాముకు అటూ ఇటూ, దానిమ్మలో ఇంకా తక్కువ. రంగు ఎర్రగా ఉన్నందున రక్తం పడుతుందని నమ్మి ఆ రసాల మీద డబ్బు పోయకండి. ఉలవలు, సజ్జలు, తోటకూర, మునగాకు మేలైనవి. వాటితో పాటు నిమ్మకాయో ఉసిరికాయో జామపండో ఉండాలి. పులుసు కూరలు ఇనుప మూకుడులో వండితే చింతపండు పులుపుకు ఇనుము కొంత కూరలోకి దిగుతుంది. మాంసం తినే ఇల్లయితే మాంసం, కార్జం, చేపల్లోని ఐరన్ ఆకుకూరల్లోని దానికంటే తేలికగా ఒంటికి పడుతుంది. భోజనంతో పాటు తాగే టీ ఆ పూట ఐరన్‌ను సగానికి పైగా పాడుచేస్తుంది కాబట్టి దాన్ని భోజనానికి గంట దూరం జరపండి.

సెలైన్ ద్వారా ఐరన్ ఎక్కించుకోవాలా అని కూడా అడిగారు. ఇప్పుడే అవసరం లేదు. మాత్రలు అసలు పడనివారికి, పేగులు ఐరన్‌ను పీల్చుకోలేనివారికి, రక్తస్రావం ఎక్కువగా ఉండి మాత్రలతో సరితూగనివారికి, నెలలు నిండుతున్న గర్భిణులకు అది మంచి మార్గం. అరుదుగా అలర్జీ వస్తుంది, కొన్ని రకాల వల్ల ఫాస్ఫరస్ తగ్గుతుంది. కాబట్టి ఇంటి దగ్గర నర్సుతో కాక, ఆసుపత్రిలోనే చేయించుకోవాలి.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఫెరిటిన్, సీబీపీ, పాత రిపోర్టులు, మీ నెలసరి వివరాలు, వాడుతున్న మాత్రలన్నీ తీసుకెళ్లి, "నా ఫెరిటిన్ 13 ఉంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ 15 కంటే తక్కువను లోపమంటోంది, నాకు లక్షణాలు కూడా ఉన్నాయి" అని స్పష్టంగా చెప్పండి. మాత్రలు మొదలుపెట్టిన మూడు నెలలకు ఫెరిటిన్, సీబీపీ మళ్లీ చేయించండి. ఫెరిటిన్ 50 దగ్గరికి చేరి నీరసం తగ్గితే మాత్ర ఆపి, ఆపిన ఆరు నెలలకు మరోసారి చూడండి. మూడు నెలలు సక్రమంగా వేసుకున్నా అంకె కదలకపోతే మాత్ర బ్రాండు మార్చి సరిపెట్టుకోకుండా, పైన చెప్పిన కారణాల్లో ఏది మిగిలిందో వెతకమని అడగండి. అంకె 50 దాటినా నీరసం అలాగే ఉంటే ఐరన్‌ను పక్కన పెట్టి, నిద్ర, బీ12, దిగులు వైపు పరీక్షలు సాగించమనండి.